మిగ్దాలియా దింపుకున్న నకలు

సోమవారం ఉదయం మిగ్దాలియా లేవాకు నీళ్ల ఆఫీసులో చెప్పిన మాట ఇది: రావచ్చు, కుర్చీలో కూర్చోవచ్చు, మధ్యాహ్నం అందరితో పాటు అన్నమూ నల్ల చిక్కుళ్లూ తినవచ్చు, కానీ విచారణ తేలేదాకా కంప్యూటర్ ముట్టుకోకూడదు. ఇరవై ఏళ్లుగా ఆ ఆఫీసులో ఆమెకు కంప్యూటర్ ముట్టుకోవడం తప్ప వేరే పని లేదు. కాబట్టి సంచి భుజాన వేసుకుని ఇంటికి వచ్చేసింది.

ఓల్గీన్ ఊళ్లో సగం వీధులకు కుళాయిలుంటాయి గాని వాటిలో నీళ్లు రావు. ట్యాంకర్ వస్తేనే నీళ్లు. ఏ రోజు ఏ వీధికి ట్యాంకర్ పోవాలో తేల్చే ప్రోగ్రామ్ మిగ్దాలియా రాసింది. ఆమె రాకముందు ఆ వంతులు ఒక గోడ మీద సుద్దతో రాసేవాళ్లు. ఎవరి చేతికి సుద్ద అందితే వాళ్ల వీధికి ముందు నీళ్లు వచ్చేవి. ప్రోగ్రామ్ వచ్చాక గోడకు సున్నం కొట్టారు. ఊళ్లో ఎవరైనా వంతు గురించి గొడవకు దిగితే డ్రైవర్లు కూడా ఆమె పేరే చెప్పేవాళ్లు, మిగ్దాలియా యంత్రానికి చుట్టాలు లేరని.

ఇప్పుడు ఒక వీధివాళ్లు ఒక నోటుపుస్తకం తెచ్చి ఇంజనీర్ పూపో బల్ల మీద పెట్టారు. అందులో రెండేళ్ల తేదీలున్నాయి. వాళ్ల వీధికి పదకొండు రోజులకోసారి ట్యాంకర్. ఎదురుగా ఉన్న ఎనిమిదో నంబరు పన్నెండంతస్తుల భవనానికి మూడు రోజులకోసారి. పూపో ప్రోగ్రామ్ తెరిపించి వెతికిస్తే నిజంగానే ఒక లైను దొరికింది. భవనం నంబరు ఎనిమిదైతే పదకొండుకు బదులు మూడు లెక్కపెట్టమని ఉంది. ఆ భవనంలో ఏడో అంతస్తులో ఉండేది మిగ్దాలియా.

ఆమె అందరి ముందూ నిలబడి, ఆ లైను తాను రాయలేదని చెప్పింది. రాసిన చేయి ఎవరిదో రెపో చెప్తుందనీ, శుక్రవారం దాకా గడువిస్తే తెచ్చి చూపిస్తాననీ చెప్పింది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. బయటికి వస్తూ గుమ్మం దగ్గర పూపోతో ఇంకో సగం మాట కూడా అన్నది. ఆ భవనంలో ఆఫీసువాళ్ల చుట్టాలు వేరే కూడా ఉన్నారని.

ఆ వేరే చుట్టం నోరైదా. తొమ్మిదో అంతస్తు. ఆఫీసులో మిగ్దాలియా పక్క బల్ల యోస్వెల్‌కు పిన్ని.

రెపో అంటే ప్రోగ్రామ్ రాసేవాళ్లు తమ కోడు దాచుకునే చోటు. ఊరికే దాచదు. ఏ లైను ఎవరు మార్చారు, ఏ రోజు మార్చారు, ఎందుకు మార్చారు, అన్నీ పేరుతో సహా పేర్చి ఉంచుతుంది. ఆఫీసులో నడిచే ప్రోగ్రామ్‌కు ఆ చరిత్ర లేదు. దాన్ని పెన్‌డ్రైవ్‌లో మోసుకొచ్చారు, చరిత్ర ఉండే ఫోల్డరు కంటికి కనపడదు కాబట్టి వెనకే ఉండిపోయింది. చరిత్ర ఉన్న మిగ్దాలియా పాత కంప్యూటర్, జనవరిలో కరెంటు పోయి ఒక్కసారిగా తిరిగొచ్చినప్పుడు కాలిపోయింది. ఇక మిగిలింది సముద్రం అవతల ఒక కంపెనీ సర్వర్‌లో ఉన్న నకలు ఒక్కటే. ఆ కంపెనీ నుంచి నెల కిందటే ఉత్తరం వచ్చింది. మీ దేశపు ఖాతాలు గురువారంతో మూసేస్తున్నాం అని. జవాబు రాస్తే దానికి ఒక యంత్రం జవాబిచ్చింది, అవే మాటలతో.

అంటే గురువారం లోపల ఆ రెపో మొత్తాన్ని తన కంప్యూటర్‌లోకి దింపుకోవాలి. వేరే ఊళ్లలో ఇది ఒక్క ఆదేశం. టైపు చేసి కాఫీకి వెళ్లి వచ్చేసరికి అయిపోతుంది. రెపోలను నడిపే గిట్ అనే ప్రోగ్రామ్‌లో దీన్ని క్లోన్ అంటారు.

మిగ్దాలియా ఈ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చెరకు మిల్లులో రసం తీపి కొలిచే ఉద్యోగం చేసేది. మిల్లు మూసేసినప్పుడు ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు. ఎవరో ఇంజనీరు దగ్గర ప్రోగ్రామింగ్ పుస్తకం ఉందంటే అడిగి, ఇరవై రోజులకు అరువు తెచ్చుకుని, మూడువందల పేజీలు చేత్తో రాసుకుంది. కంప్యూటర్ ముందు కూర్చునే అవకాశం వారానికి రెండు గంటలే కాబట్టి ప్రోగ్రాములన్నీ ముందు కాగితం మీద రాసి, కాగితం మీదే నడిపించి, తప్పులు ఏరేసి, అప్పుడు టైపు చేసేది. ఆ అలవాటు పోలేదు. ఆఫీసులో కుర్రవాళ్లు పది నిమిషాలు టైపు చేసి గంటసేపు తప్పులు వెతుకుతుంటే ఆమె పెన్సిలు చెవి మీద పెట్టుకుని గంటసేపు ఊరికే కూర్చునేది. పని గురించి మాట్లాడేవాళ్లంటే ఆమెకు నమ్మకం తక్కువ. చేసి చూపించమనేది.

సోమవారం మధ్యాహ్నం కరెంటు ఉన్న మూడు గంటల్లో మొదలుపెట్టింది. ఫోను డేటా మీద నెమ్మదిగా దిగుతూ పదకొండు శాతం దాకా వచ్చి తెగిపోయింది. మళ్లీ మొదలుపెడితే సున్నా నుంచి. క్లోన్‌కు ఆగిన చోట అందుకోవడం రాదు. తెగిందంటే దిగిందంతా పోయినట్టే. మంగళవారం ముప్ఫై నాలుగు దాకా వచ్చింది. బుధవారం తెల్లవారుజామున అరవై ఒకటి. అప్పుడు వీధిలో కరెంటు పోయింది, వీధితో పాటు సెల్ టవరూ పోయింది.

అంత పెద్దదెందుకైందో ఆమెకు తెలుసు. నాలుగేళ్ల కిందట ఆఫీసు లైను బాగున్న రోజుల్లో యోస్వెల్ తన పెన్‌డ్రైవ్‌ను తిన్నగా ప్రోగ్రామ్ ఫోల్డరులో గుమ్మరించాడు. ఆ డ్రైవ్‌లో ఆ వారం ఊరంతా చేతులు మారుతున్న టర్కీ సీరియల్ ఉంది, నలభై భాగాలు, వాళ్ల పిన్నికి తీసుకెళ్తున్నవి. తర్వాత ఫోల్డరులో ఉన్నదంతా రెపోకు పంపమని ఆదేశమిచ్చి శుక్రవారం ఇంటికెళ్లిపోయాడు. సోమవారానికి అంతా పోయి చేరింది. తప్పు తెలిశాక తీసేశాడు గాని, రెపోలో తీసేయడం అంటే తీసేశానని రాసుకోవడమే. చరిత్రలోంచి పోదు. అప్పటినుంచి ఆ రెపోను ఎవరు దింపుకున్నా నీటి వంతుల వెనక నలభై భాగాల సీరియల్ నడిచి వస్తుంది. ఆఫీసులో ఇది పెద్ద నవ్వులాట. మిగ్దాలియా ఒక్కతే నవ్వలేదు. నాలుగేళ్లుగా ఆమెకు యోస్వెల్ మీద ఆ కోపం అలాగే ఉంది. సీరియల్‌ను రెపోలో పెట్టినవాడు పిన్ని కోసం ఒక లైను పెట్టడా అని ఆమె లెక్క.

గురువారం ఉదయం పదింటికి భవనం పైకప్పుకు వెళ్లింది. ఆసుపత్రి లైను మీద ఉన్న టవర్‌కు కరెంటు పోదు. దాన్ని అందుకోవాలంటే పైకప్పు ఎక్కాలి. లిఫ్టు ఆగి రెండేళ్లయింది. ఏడో అంతస్తు నుంచి కంప్యూటర్ సంచీ ఫోనూ పట్టుకుని మెట్లెక్కింది.

పైకప్పు తాళం ఫెర్మీన్ దగ్గర ఉంటుంది. పన్నెండో అంతస్తు మనిషి, పైన పావురాలు పెంచుతాడు. ట్యాంకు వాల్వులు దొంగలెత్తుకెళ్లాక భవనం సంఘం వాళ్లు అతన్ని కూర్చోబెట్టి, దిగినప్పుడల్లా తాళం వేసి తీరాలని చెప్పారు. ఆమెను చూసి తలుపు తీశాడు.

“ఏం తల్లీ, నువ్వు కూడా పావురాలు పెంచుతావా?”

“కాదు ఫెర్మీన్. ఒకటి దింపుకోవాలి.”

“నా పావురాలు మాత్రం ఎగరేస్తే దిగవు. పక్కోడి ఆడపావురం వెంట పోతాయి. నీదైనా దిగనీ.”

ఆమె నీటిట్యాంకు నీడలో సిమెంటు దిమ్మె మీద కూర్చుని మొదలుపెట్టింది. సిగ్నల్ బాగుంది. ఇరవై రెండు శాతం దాకా వచ్చి తెగింది. సంచిలోంచి నీళ్లసీసా తీసి ఒక గుక్క తాగి, ఫోనులో మిగిలిన డేటా చూసుకుంది. ఒకటింబావు జీబీ లోపు. రెపో మూడున్నర పైమాట. తెగకుండా వచ్చినా చాలదు. కొత్త ప్యాకేజీ కొనాలంటే తేదీ రావాలి, అది ఆదివారం.

దిగి వెళ్లి ఎవరినైనా ఫోను అడుగుదామని లేచింది. తలుపు తాళం వేసి ఉంది.

ఫెర్మీన్‌ను పిలిచింది. రేకు తలుపును అరచేత్తో బాదింది. పన్నెండో అంతస్తులో మిగతా మూడిళ్లూ పగలు ఖాళీ. పిట్టగోడ పట్టుకుని తొంగి చూస్తే కింద రేషన్ దుకాణం ముందు క్యూ వీధి మలుపు దాకా సాగి ఉంది. రేషన్ కోడిమాంసం వచ్చిందన్నమాట. వచ్చిందని కింద ఎవరో వేసిన కేక వినగానే ఫెర్మీన్ పరిగెత్తి ఉంటాడు, వెళ్తూ అలవాటైన చెయ్యి తాళం తిప్పేసి ఉంటుంది. అతనికి ఫోను చేసింది. అందలేదు. యోస్వెల్‌కు చేయాలనుకుని, చేయలేక కాసేపు ఫోను చేతిలో పట్టుకుని, చివరికి చేసింది. అదీ అందలేదు. కింద ఉన్నవాళ్లందరి ఫోన్లూ చచ్చిన టవర్ మీదే ఉన్నాయి. పన్నెండంతస్తుల ఎత్తు నుంచి అరిస్తే క్యూలో ఒకరిద్దరు తలెత్తి చెయ్యూపారు. పావురాల కోసం అరుస్తోందనుకున్నారేమో.

కోడి క్యూ అంటే మూడు గంటలు, తక్కువలో తక్కువ. ఎండ ట్యాంకు మీదికి ఎక్కుతోంది, నీడ కుంచించుకుపోతోంది. కంప్యూటర్‌లో ఛార్జి యాభై ఎనిమిది. సీసాలో నీళ్లు అరచేతి ఎత్తు. తల పక్కనే పది టన్నుల ట్యాంకు ఉంది, దాని వాల్వుకు కూడా తాళం ఉంది. ఊరికంతా నీటివంతు రాసిన మనిషి కాసేపు ఆ తాళం వైపే చూస్తూ కూర్చుంది.

ఎటూ కదలడానికి లేనప్పుడు ఆమె చేసేది ఒకటే, చదువుకోవడం. గిట్‌తో పాటు దాని వివరాల పుస్తకం కూడా కంప్యూటర్‌లోనే ఉంటుంది. నెట్ అక్కర్లేదు. క్లోన్ ఆదేశం గురించి రాసిన పేజీలు ఎన్నాళ్లుగానో తెరిచి చూడలేదు. తెలుసుననుకుంది. ఇప్పుడు మొదటి అక్షరం నుంచి చదివింది, తెర వెలుగు బాగా తగ్గించి, ఒళ్లోని కంప్యూటర్ మీదికి వంగి, తన తలనీడలోనే. చివరి కూర్పు మాత్రమే తెచ్చే మార్గం ఒకటుంది. అది తెలిసిందే, చరిత్ర రాదు, పనికిరాదు. దాటేసింది. ఇంకా కిందికి వెళ్తే ఒక చోట, ఫలానా పరిమాణం కన్నా పెద్ద ఫైళ్లను సర్వర్ దగ్గరే వదిలేసి మిగతా చరిత్ర అంతా తెమ్మని చెప్పే మార్గం ఉంది. ఆ పేరా మూడుసార్లు చదివింది. సంచిలోంచి పెన్సిలు తీసి, కాగితం లేక రొట్టె చుట్టిన పొట్లం మీద ఆదేశం రాసుకుంది. ఏ గుర్తు తర్వాత ఏ గుర్తు రావాలో పొట్లం మీదే సరిచూసుకుంది. తను రాసిన ఫైళ్లలో పెద్దది కూడా వంద కేబీ దాటదు. హద్దు రెండువందలని పెట్టింది.

ఆదేశం ఇచ్చాక సర్వర్ కాసేపు పలకలేదు. తర్వాత లెక్క మొదలైంది. మొత్తం నలభై ఒక్క ఎంబీ.

నాలుగు రోజులుగా ఆమె మోయలేక మోస్తున్నదంతా టర్కీ సీరియలే.

పన్నెండు శాతం దగ్గర ఫోను వేడెక్కిపోయి హెచ్చరిక చూపించింది, దిగే వేగమూ బాగా పడిపోయింది. దాన్ని తీసి ట్యాంకు అడుగున చెమ్మగా ఉన్న చోట ఆనించి, ఒక చేత్తో అలా పట్టుకునే ఉంది. నీడ అరచేతంతే మిగిలింది. ఫోనుకు నీడ దక్కితే తనకు దక్కలేదు, తనకు దక్కితే ఫోనుకు లేదు. ఫోనుకే వదిలేసింది. ఇరవై మూడు నిమిషాలు కదల్లేదు. చెయ్యి తిమ్మిరెక్కి మొద్దుబారింది. తొంభై ఆరు, తొంభై తొమ్మిది, అయిపోయింది.

ఆ లైను ఉన్న ఫైలు తెరిచి, ప్రతి లైను పక్కనా రాసినవాళ్ల పేరు చూపించమంది. యోస్వెల్ పేరు కోసం వేలు పెట్టి కిందికి జరిగింది. ఎనిమిదో నంబరు భవనం లైను దగ్గర ఆగింది.

మిగ్దాలియా లేవా అని ఉంది. మూడేళ్ల కిందటి మార్చి. మార్పుకు కారణం ఆమె మాటల్లోనే ఉంది: తాత్కాలికం. మా భవనం నేలతొట్టి పగిలింది. అతుకు పడగానే తీసేయాలి.

అప్పుడు గుర్తొచ్చింది. ఒక్కసారిగా కాదు, మెల్లగా. భవనం కింద తొట్టి పగిలి నలభై ఎనిమిది ఇళ్లకు బకెట్లే దిక్కైన నెల. ఆరో అంతస్తులో కవల పిల్లలు పుట్టిన నెల. అప్పటి ఇంజనీరు నోటిమాటతో సరే అన్నాడు, తర్వాత చనిపోయాడు. తొట్టికి అతుకు పడింది. లైను ఉండిపోయింది. ట్యాంకర్ మూడు రోజులకోసారి వస్తూనే ఉంది, ఆమె బాల్చీ నింపుకుంటూనే ఉంది. పెద్ద భవనం కదా, అందుకే తరచూ వస్తుందనుకుంది. వంతులు రాసేది తానై ఉండి, మూడేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట సరిచూసుకోలేదు.

ఒంటిగంట దాటాక తాళం తిరిగిన చప్పుడైంది. వచ్చింది ఫెర్మీన్ కాదు, యోస్వెల్. మిగ్దాలియా పొద్దున పైకెక్కడం నోరైదా చూసిందట. దిగడం చూడలేదట, మధ్యాహ్నం తన ఇంటికి వచ్చిన అతనితో ఆ మాట చెప్పిందట. క్యూలో ఉన్న ఫెర్మీన్ జేబులోంచి తాళంచెవి తీసుకుని పన్నెండంతస్తులూ ఎక్కి వచ్చాడు. చేతిలో నీళ్లసీసా ఉంది. ఆమె మొహం చూసి ముందు అదిచ్చాడు.

“కాలిపోయావక్కా. దిగిందా?”

ఆమె కంప్యూటర్ అతని వైపు తిప్పింది. అతను వంగి చదివాడు. తేదీ మీద వేలు పెట్టి మళ్లీ చదివాడు. గూళ్లలో పావురాలు గురగురమంటున్నాయి.

“ఇది ఇంకెవరు చూశారు?” అన్నాడు.

“నువ్వూ నేనూ.”

“రాత్రికి ఖాతా మూసేస్తారు. నీ దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు. దిగలేదని చెప్పు. యోస్వెల్ సీరియల్ అడ్డం పడిందని చెప్పు, నమ్మనివాడు ఆఫీసులో ఒక్కడుండడు.”

“రేపు విచారణకు నిన్ను కూడా ఎందుకు పిలిచారో తెలుసా నీకు?”

“తెలుసు. పూపో చెప్పాడు. నువ్వేమన్నావో కూడా చెప్పాడు.”

అతను సంచి అందుకుని భుజాన వేసుకున్నాడు.

“తెలిసే ఎక్కొచ్చావా?” అంది.

“తాళం వేసిన చోట మనిషి ఉందని మా పిన్ని ఏడుస్తుంటే ఏం చేయను? తిట్టాలంటే నీడలో కూర్చోబెట్టి తిడతాను. పద.”

శుక్రవారం విచారణ అరగంట కూడా పట్టలేదు. మిగ్దాలియా కంప్యూటర్ బల్ల మీద పెట్టి, తెర పూపో వైపు తిప్పి, తన పేరూ తేదీ కారణమూ తానే చదివింది. సోమవారం గుమ్మం దగ్గర అన్న సగం మాట కూడా అందరి ముందూ పూర్తి చేసి, అది తప్పని చెప్పింది. పూపో కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“కామ్రేడ్ మిగ్దాలియా, నువ్వు ఇది తేకపోతే మాకు తెలిసేది కాదు కదా?”

“తెలిసేది కాదు.”

“మరి?”

“తెస్తానన్నాను.”

ఆరు నెలలు వంతుల జాబితాల జోలికి రాకూడదని కాగితం ఇచ్చారు. ఆ రోజే లైను తీసేశారు. పది రోజులు గడవకముందే ప్రోగ్రామ్ ఎక్కడో చిక్కుపడి ఒకే వీధికి ఒకే పొద్దున మూడు ట్యాంకర్లు పోయాయి, యోస్వెల్‌కు అంతు పట్టలేదు. అప్పటినుంచి పేరుకు పని యోస్వెల్‌ది, చేసేది ఆమె. అతని వెనక కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. కీబోర్డు ముట్టుకోకూడదు కాబట్టి ఏ లైనులో ఏం రాయాలో కాగితం మీద రాసి ఇస్తుంది. మానేస్తానంటే వదలరు, చేస్తానంటే చేయనివ్వరు. సుద్ద గోడ ఉన్నప్పుడే నయమని డ్రైవర్లు ఆమెకు వినపడేలా అంటున్నారు.

ఎనిమిదో నంబరు భవనానికి పదకొండు రోజుల వంతు మొదలైంది. నాలుగో రోజుకు బాల్చీలు ఖాళీ అయ్యాయి. ఆరో రోజుకు జనం డబ్బాలు పట్టుకుని ఎదుటి వీధి బావికి నడుస్తున్నారు. ఎందుకిలా అయిందని అడిగిన ప్రతివాళ్లకూ మిగ్దాలియా మెట్ల మీదే నిలబడి చెప్పింది, లైను సంగతీ తన పేరు సంగతీ. కొందరు మాట్లాడడం మానేశారు. లైను పెట్టినందుకు కాదు, చూపించినందుకు.

ఏడో రోజు సాయంత్రం ఆమె రెండు డబ్బాలతో ఎక్కుతుంటే నాలుగో అంతస్తు మలుపులో నోరైదా తన డబ్బా దించి ఆయాసం తీర్చుకుంటోంది. ఆరో అంతస్తు కవలల తల్లి కూడా అక్కడే గోడకు ఆనుకుని ఉంది. నోరైదా చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

“మిగ్దా, ఆ ఒక్క లైనూ మళ్లీ పెట్టడానికి ఎంతసేపు పడుతుందే?”

“అర నిమిషం.”

“మరి పెట్టరాదూ? మా యోస్వెల్ చేత్తోనైనా పెట్టించు.”

“పెట్టిస్తే వాడి పేరుతో ఉండిపోతుంది పిన్నీ.”

కవలల తల్లి తల తిప్పుకుంది. మిగ్దాలియా ఒక డబ్బా కిందే ఉంచి, నోరైదా డబ్బా ఒక చేత, తనది ఒక చేత పట్టుకుని ఐదో అంతస్తు వైపు ఎక్కడం మొదలుపెట్టింది. మిగిలిన డబ్బా కోసం మళ్లీ దిగాలి.